గుడియాత్తం పంచెకు రెండంచులు

మొన్నటి పార్లమెంటు ఎన్నికలప్పుడు మా చిత్తూరు సాహిత్య మిత్రుల సమావేశంలో నేను నోరు తెరిచి ఒక మాట చెప్పబోతే, పరంధామయ్య మాస్టారు గోడ గడియారం వైపు చూసి, "రాజమ్మగారూ, మీ సీరియల్ టైమైనట్టుందే" అన్నారు. పదకొండు మంది నవ్వారు. ఆ రోజు పెట్టింది మైసూరు బోండా, అందులో మిరియాలు తక్కువ. నవ్విన పదకొండు మంది పేర్లూ నా దగ్గర ఉన్నాయి. ఈ యాత్ర వాళ్ల గురించి కాదు కాబట్టి ముందుకు పోతాను.

ఈ ఏడాది మన పత్రికలో మాస్టారు ఒక వ్యాసం రాశారు. పార్లమెంటు ఎన్నికలు లేని సంవత్సరాల్లో ఏ రాష్ట్రంలో ఎవరు గెలుస్తున్నారో చూస్తే, రేపు ఢిల్లీలో ఎవరు కూర్చుంటారో చెప్పేయొచ్చట. పక్కనే తమిళనాడులో అసెంబ్లీ ఎన్నికలు వస్తున్నాయి, వేలూరు జిల్లా ఒక్కటి చూసినా చాలట. నేను సభలో లేచి, రాష్ట్రం ఓటు రాష్ట్రానిది, ఢిల్లీ ఓటు ఢిల్లీది, రెండింటికీ ఏ సంబంధమూ లేదన్నాను.

"చూసొచ్చి చెబుతున్నారా?" అన్నారు మాస్టారు.

"చూసొచ్చే చెబుతాను" అన్నాను.

అధ్యక్షులు ఒక తీర్మానం చేశారు. నేను పోయి, చూసి, రాసుకు రావాలి. ఎవరిది తప్పని తేలితే వాళ్లు రెండోవారి వ్యాసాన్ని సభలో నిలబడి పైకి చదవాలి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. ఊళ్లో అందరి మాటలూ నా చేతిమీదుగా పోయాయి గానీ, ఒకరి మాటల్ని నా నోటితో అప్పజెప్పలేదు. పైగా మాస్టారి వ్యాసం పద్నాలుగు పేజీలు. అందుకే వెళ్లాను.

పార్టీల పేర్లు రాయడం లేదు. పోయినసారి రాస్తే సంపాదకులు మూడు పేరాలు కొట్టేశారు. అది కూడా గుర్తుంది. అక్కడి రాష్ట్ర పార్టీని వంకాయ పార్టీ అంటాను, దానితో పొత్తు పెట్టుకున్న ఢిల్లీ పార్టీని నీలం పార్టీ అంటాను. నిజం రంగులు ఇవి కావు. వెతుక్కోకండి.

వేలూరు: గుండెకొక డాక్టరు

చిత్తూరు నుంచి వేలూరు ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరానికే కండక్టరు నాచేత రెండుసార్లు సీటు మార్పించాడు, ఒకసారి ఉల్లిగడ్డల మూట కోసం, ఒకసారి మేకపిల్ల కోసం. మేకపిల్లకు టికెట్టు కొట్టినావా నాయనా అని అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు. బస్సు నంబరు రాసుకున్నాను.

పెద్దాసుపత్రి వీధిలో లాడ్జి తీసుకున్నాను. ఆ వీధిలో నడుస్తుంటే మనం ఏ రాష్ట్రంలో ఉన్నామో తెలియదు. బోర్డులు బెంగాలీలో, హిందీలో ఉంటాయి. వైద్యానికి వచ్చినవాళ్లు నెలల తరబడి ఉంటారు కాబట్టి లాడ్జీల వాళ్లు పొయ్యి, గిన్నెలు కూడా అద్దెకిస్తారు. నా గదిలో తలగడ మాత్రం సిమెంటు దిమ్మెలా ఉంది. మేనేజరుతో చెబితే, "మెత్తటిదైతే మెడ నొప్పొస్తాది గదమ్మా, యాడికీ పోకుండా ఇక్కడే డాక్టర్లుండారు" అన్నాడు.

వరండాలో ఒక బెంగాలీ దంపతులు చేపల పులుసు వండుతున్నారు. ఆయన పేరు తపన్‌బాబు, మేదినీపూర్ వైపు రైతు. భార్య గుండె చూపించడానికి వచ్చారు. నాకు ట్రంకు కాల్స్ కాలంనాటి హిందీ వచ్చు, "లైన్ పర్ రహియే" మొదలైనది. దానితోనే నడిపాను. వాళ్ల రాష్ట్రంలోనూ ఓట్లు దగ్గర పడ్డాయట. మరి అక్కడి గాలి ఢిల్లీకి పోతుందా అని అడిగాను.

తపన్‌బాబు గరిటె పక్కన పెట్టాడు. "దీదీ, ఇక్కడ గుండెకొక డాక్టరు, కంటికొక డాక్టరు, ఎముకకొక డాక్టరు. కంటి డాక్టరు మంచివాడని గుండె ఆయన చేతికిస్తామా? నేను పంచాయతీకి ఒకరికి, అసెంబ్లీకి ఒకరికి, పార్లమెంటుకి ఇంకొకరికి వేస్తాను."

నేను వెంటనే పుస్తకం తీసి రాసుకున్నాను. మొదటి రోజే గెలిచాననుకున్నాను. ఆయన భార్య అన్నం వార్చుకుంటూ మెల్లగా అంది: "డాక్టర్లు ఎంతమందైనా, పరీక్షలకు తీసే రక్తం ఒకటే కదా."

ఈ మాట ఆ రోజు రాసుకోలేదు. మాస్టారికి పనికొచ్చే మాట అది. ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే ఆ తల్లి నాకు చేప ముక్క పెట్టింది, ఆవ పెట్టి చేసింది, డబ్బు తీసుకోలేదు. అదే వీధి మెస్సులో అంతకంటే చిన్న ముక్కకు తొంభై రూపాయలు.

సాయంత్రం బజారు చూశాను. మన వైపు పార్టీ మనిషిని మెడలో కండువా చూసి గుర్తుపడతాం. ఇక్కడ పంచె అంచు చూసి గుర్తుపడతారు. తెల్లపంచెకు పార్టీ రంగుల్లో అంచు ఉంటుంది, దాన్ని 'కరై వేట్టి' అంటారు. అంచు చూస్తే చాలు, మనిషి ఎవరి కూటమిలో ఉన్నాడో, ఎవరి కొట్లో టీ తాగుతాడో కూడా చెప్పేయొచ్చు. ఒక బట్టల కొట్టాయనను ఏ అంచు ఎక్కువ పోతోందని అడిగాను.

"ఇప్పుడడిగితే ఏం తెలుస్తాదమ్మా" అన్నాడు, నేను కొనేది లేదని తెలిసి పంచెలు మడతపెట్టేస్తూ. "ఓట్లు లెక్క పెట్టినాక రా. ఏదో ఒక రంగు సాయంత్రానికల్లా అయిపోతాది. గెలిచిన పక్కన మేమూ ఉండామని కొనేవాళ్లే ఎక్కువ."

విరించిపురం: రాయి చెప్పే గంట

రెండో రోజు గుడియాత్తం పోయే దారిలో విరించిపురంలో దిగాను. పాలారు అక్కడ పేరుకే ఏరు. ఇసుకలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నేను చూడాలనుకున్నది గుడి ప్రాకారంలో ఉన్న గంటల రాయి. అర్ధచంద్రాకారంగా చెక్కి, అంకెలు వేశారు. పైనున్న గాడిలో పుల్ల పెడితే దాని నీడ ఏ అంకె మీద పడితే అంత టైము.

గుడి ముందు పూలమ్ముకునే కన్నియమ్మ చీపురు పుల్లతో వచ్చి చూపించింది. నీడ పదింబావు అంది. నా గడియారం పదీ ఇరవై అంది.

"నీ గడియారం తప్పమ్మా" అంది కన్నియమ్మ.

"నా గడియారం నిన్ననే రేడియోతో సరిచూసినాను."

"రేడియో నిన్నటిది. ఈ రాయి నా అవ్వకు ముందుది."

వాదించి లాభం లేదని, పోనీ రేపు మబ్బు పడుతుందేమో ఈ రాయి చెబుతుందా అని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది. "ఇప్పుడెంతయిందో చెప్తాదమ్మా. రేపటి మాట రాయిని అడిగేవాళ్లుంటారా?"

పుస్తకంలో ఇది పెద్దక్షరాలతో రాసుకున్నాను. రాష్ట్రం ఎన్నికలు కూడా ఇలాంటి రాయే, ఈ పూట ఎంతయిందో చెబుతాయి, మూడేళ్ల తర్వాత సంగతి చెప్పవు. ఆ సంతోషంలో గొడుగు మరిచిపోయి బస్టాపు దాకా పోయాను. తిరిగొస్తే నా గొడుగు కింద కన్నియమ్మ పూలబుట్ట చల్లగా ఉంది. "మంచి గొడుగమ్మా, ఒక్క మొగ్గ కూడా వాడలే" అని మెచ్చుకుంది గానీ, పూలు అమ్ముడయ్యేదాకా ఇవ్వలేదు. అరగంట పట్టింది. వెళ్లేటప్పుడు మూర మల్లెపూలు తలలో పెట్టింది కాబట్టి ఈ విషయం ఇంతటితో వదిలేస్తున్నాను.

గుడియాత్తం: దేవుడి గూట్లో నా పత్రిక

గుడియాత్తంలో నేను దిగింది సుగుణమ్మ ఇంట్లో. ట్రంకు కాల్స్ రోజుల్లో ఆమె గుడియాత్తం ఎక్స్ఛేంజిలో, నేను చిత్తూరులో. ఇరవై ఏళ్లు గొంతులతోనే స్నేహం చేశాం. లైను ఖాళీగా ఉంటే ఆమె ఇంట్లో ఏం కూర చేసిందో నాకు తెలిసేది. వాళ్లవి తరతరాలుగా ఇక్కడ వ్యవసాయం చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు. మాట తెలుగు, బడి తమిళం.

నేను పదహారేళ్ల కింద ఇల్లు కట్టుకొని గృహప్రవేశం పత్రిక పంపాను. ఆమె రాలేదు. రాలేకపోయానని ఒక్క మాట కూడా అనలేదు. పత్రిక పంపాక మళ్లీ ఫోన్ చేసి బతిమాలడం నా పద్ధతి కాదు. అప్పటినుంచి ఉగాదికి ఆమె ఫోన్ చేస్తుంది, నేను "ఆఁ, బాగుండాము" అని పెట్టేస్తాను. ఈసారి కాఫీ తాగుతూనే ఆ మాట తీశాను.

"ఏం పత్రిక రాజమ్మా?"

"పసుపు రాసి పంపినాను. పైన వెంకటేశ్వరస్వామి బొమ్మ."

సుగుణమ్మ లోపలికి పోయి, దేవుడి గూట్లోంచి ఒక కార్డు తెచ్చింది. కుంకుమతో, నూనె మరకలతో నల్లబడి ఉంది. నాదే.

"ఇదా? ఇది తిరపతి నుంచి వచ్చిన ప్రసాదం కాయితం అనుకున్నాము. నాకు తెలుగు మాట్లాడేది వచ్చు గానీ చదివేది యాడొచ్చు? ఆయనకీ రాదు. స్వామి బొమ్మ ఉండాదని ఆ రోజునించి దీపం పెడతాండాము."

పదహారేళ్లు నేను వాళ్లను తిట్టుకున్నాను, వాళ్లు నా గృహప్రవేశానికి రోజూ హారతి ఇచ్చారు. నా జాబితాలోంచి ఒక పేరు కొట్టేయాల్సి వచ్చింది. నాకది అలవాటు లేని పని, కాఫీ చల్లారిపోయింది.

అంతసేపూ ఆమె భర్త వరదప్ప నాయుడు వాలుకుర్చీలో లుంగీతో పడుకొని పైకప్పు చూస్తున్నాడు. గుడియాత్తం లుంగీలకు పేరున్న ఊరే గాని, ఆయన లుంగీతో కనబడటం మామూలు సంగతి కాదట. ముప్పై ఏళ్లుగా వంకాయ పార్టీకి ఆరు పల్లెలు చూసుకునే మనిషి. వంకాయ అంచు పంచె లేకుండా వీధి మొగం చూడలేదు. ఇప్పుడు ఎనిమిది రోజులుగా లుంగీ విప్పలేదు, గడప దాటలేదు.

కారణం ఏమంటే, గుడియాత్తం సీటును వంకాయ పార్టీ ఈసారి పొత్తులో నీలం పార్టీకి ఇచ్చేసింది.

"అయిదేండ్ల కింద ఆ నీలమోళ్లు ఈ అరుగుమీదనే కూర్చోనుండారమ్మా" అన్నాడు వరదప్ప నాయుడు, నేను అడగకుండానే. "అన్నా, ఎవురూ నిలబడని వార్డు ఒకటన్నా ఇయ్యండని అడిగినారు. నేను కాఫీ ఇచ్చి పంపిచ్చినా. ఇప్పుడు మా పెద్దాయనే ఫోన్ చేసి, వరదా, కొంచెం జరగప్పా అంటాడు. యాడికి జరిగేది? ముప్పై ఏండ్లు కూర్చున్న చోటు గదా."

"మరి నీలం అభ్యర్థి వెంట పోతారా?"

"ఆ రంగు అంచు నా కాళ్ల మీద పడేది లేదు."

నాకు అర్థమైంది. నా పందెం ఈ వాలుకుర్చీలోనే తేలుతుంది. ముప్పై ఏళ్ల వంకాయ పార్టీ మనిషి నీలం అంచు కట్టి వీధిలోకి వచ్చాడంటే, ఢిల్లీ గాలి ఈ సందు దాకా వచ్చినట్టే, మాస్టారిది పైచేయి. ఆయన లుంగీలోనే ఉండిపోతే రాష్ట్రం రాష్ట్రమే, నాది పైచేయి.

అందువల్ల ఆ సాయంత్రం నేను వరదప్ప నాయుడితో కూర్చొని అవమానాల గురించి మాట్లాడాను. ఎట్లా మర్చిపోకూడదో, తేదీ వేసి ఎట్లా రాసుకోవాలో చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. సుగుణమ్మ వంటింట్లోంచి రెండుసార్లు తొంగి చూసింది. రాత్రి అందరికీ రెండేసి దోసెలు వేసి, నాకు ఒకటే వేసింది.

మగ్గం దగ్గర

మరునాడు పొద్దున్నే సుగుణమ్మ నన్ను దామోదరం మగ్గాల షెడ్డుకు తీసుకుపోయింది. వీధి పొడవునా టకటకమని చప్పుడు, మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. దామోదరానిది లుంగీల పని. పంచెలు ఎక్కువగా ఈరోడు నుంచి లారీల్లో వస్తాయట. కానీ ఎన్నికలప్పుడు అక్కడి సరుకు చాలదు, అప్పుడు ఇతని మగ్గాలకూ అంచు పంచెల పని వస్తుంది.

"ఎవరిది ఎక్కువ నేస్తాండావు నాయనా?" అని అడిగాను. అడగడం మానలేను.

"రెండేండ్ల కింద పార్లమెంటు ఓట్లకు నీలం అంచు కావాలని ఒక్క మనిషి కూడా మా షెడ్డుకు రాలేదక్కా. ఇప్పుడొచ్చినారు. కానీ చూడండి, ఏమడుగుతాండారో." అతను ఒక మూట విప్పాడు. "అంచు సన్నగా ఉండాలంట. వంకాయ అంచు నాలుగు వేళ్లు. వీళ్లది ఒక వేలు. దూరంనించి చూస్తే తెల్లపంచె మాదిరే ఉండాల, దగ్గరికొస్తేనే రంగు తెలియాల."

దీన్ని ఎవరి ఖాతాలో వేయాలో తెలియక పుస్తకం మూసేశాను.

సుగుణమ్మ తన పని తాను చూసుకుంటోంది. చీటీ మీద గీత గీసి దామోదరానికి చూపించింది. పంచెకు రెండు పొడుగు అంచులుంటాయి. కట్టినప్పుడు ఒకటి నడుము దగ్గర దోపుకుంటారు, ఒకటి కాళ్ల దగ్గర కనబడుతుంది. ఎప్పుడూ రెండూ ఒకే రంగు. సుగుణమ్మ ఒక అంచు వంకాయ, ఒక అంచు నీలం నేయమంది.

దామోదరం మగ్గం ఆపేశాడు. "అట్ల ఎవురూ నేయలేదే అక్కా."

"నేస్తే రాదా?"

"రాకేం. నూలు మార్చి ఎక్కిస్తే వస్తాది. ఒకరోజు పని. ఎవురికి?"

"ఇంట్లో ఒకాయనకు. నడుం దగ్గర తనది, కాళ్ల దగ్గర వాళ్లది." నా వైపు తిరిగింది. "రెండు ఊర్లోళ్లు ఒకర్నొకరు తిట్టుకుంటాండినా మనం లైను కలిపి ఇచ్చినాము గదా రాజమ్మా. నువ్వు నిన్న తెంపినావు. నేను కలపాల."

నేను తెంపలేదని చెప్పాను. చెప్పింది మగ్గం చప్పుడులో వినబడలేదనుకుంటాను.

నీలం అభ్యర్థి వచ్చిన పొద్దు

నాలుగో రోజు పొద్దున నీలం పార్టీ అభ్యర్థి ఆ సందుకు వస్తుందని తెలిసింది. అభ్యర్థి ఒక వకీలమ్మ, నలభై ఏళ్లుంటాయి. సుగుణమ్మ కొత్త పంచె తెచ్చి భర్త ఒళ్లో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. పది రోజుల తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారట.

"ఇదేందే, ఇది పొత్తా పంచెనా?"

"నీ కడుపు దగ్గర నీ పార్టీ. ఇంకేం కావాల? ఆ పిల్ల ఊరు తెలీకుండా తిరగతాండాది. మన వీధిలో ఆడబిడ్డ ఒంటిగా నడిస్తే ఎవురికి అవమానం?"

ఆయన పంచెను మడతపెట్టి, మళ్లీ విప్పాడు. నేను పుస్తకం తెరిచి పట్టుకొని ఉన్నాను. తర్వాత లోపలికి పోయి కట్టుకొని వచ్చాడు. ఇక్కడి మగవాళ్లు నడిచేటప్పుడు పంచె కింది అంచును ఎత్తి మోకాళ్లపైకి మడిచి కట్టుకుంటారు. పెద్దవాళ్లు ఎదురైతే ఆ మడత దించడం మర్యాద. దించకపోతే ఆ మాట ఏడాదిదాకా చెప్పుకుంటారు. ఆయన కూడా మడిచి కట్టుకొనే వచ్చాడు. ఏ అంచు ఎక్కడుందో బయటికి తెలియదు.

డప్పులతో గుంపు సందులోకి వచ్చింది. వకీలమ్మ ముందు నడుస్తోంది, చెమటతో ముఖం ఎర్రబడింది. వరదప్ప నాయుడు అరుగు దిగి, చేతులు జోడించడానికి ముందు, అలవాటు చొప్పున మడత దించాడు.

కాళ్ల దగ్గర నాలుగు వేళ్ల వెడల్పున వంకాయ రంగు.

తొందరలో తలకిందులుగా కట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా రెండు అంచులూ ఒకే రంగు, తలకిందులనేది లేనే లేదు, ఆ చేతులకేం తెలుసు? డప్పు ఆగిపోయింది. నీలం పార్టీ కుర్రవాళ్లు ముఖాలు మాడ్చుకున్నారు. సుగుణమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. దీన్ని కావాలని చేసిన అవమానం అనుకోకుండా ఉండేవాళ్లు ప్రపంచంలో ఎవరైనా ఉంటారా అనుకున్నాను. నేనైతే తేదీ వేసి రాసుకునేదాన్ని.

వకీలమ్మ ఆ అంచు చూసింది. తర్వాత ఆయన నడుము దగ్గర బయటికి వచ్చిన నీలం కొస చూసింది. ఆమెకు అర్థమైపోయింది, నవ్వాపుకుంది. తమిళంలో అంది, నేను తెలుగులో రాస్తున్నాను: "అన్నా, ఆ అంచుతోనే రండి. మార్చొద్దు. ఈ వీధిలో నా అంచు చూసి ఓటేసేవాళ్లు ఎంతమంది? మీ అంచు చూసి వేస్తారు. సీటు మాకిచ్చినారు గానీ, ఊరు మీ దగ్గరే ఉండాది."

వరదప్ప నాయుడు వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయాడు. అయిపోయిందనుకున్నాను. పందెం గెలిచానని సంతోషపడాలి. ఎందుకో ఆ క్షణంలో పడలేదు.

రెండు నిమిషాల్లో మళ్లీ బయటికి వచ్చాడు. పంచె తిప్పి కట్టుకున్నాడు. కాళ్ల దగ్గర నీలం. మడవకుండా, నేలకు జారవిడిచి, అందరికీ కనబడేట్టు.

తర్వాత నేనడిగాను, మార్చొద్దని ఆమే అంది కదా అని.

"కట్టమని అడిగింటే కట్టేవాణ్ణి కాదమ్మా. కట్టొద్దనింది గదా" అన్నాడు.

ఇటువంటి మనిషిని నేను చాలా గౌరవిస్తాను.

ఆ పొద్దు నాలుగు సందులు వాళ్ల వెనకే తిరిగాను. చెప్పు తెగింది, ఒక గడప దగ్గర మజ్జిగ ఇస్తూ నన్ను కూడా నీలం పార్టీ అనుకొని బొట్టు పెట్టారు. నేను గమనించింది ఒకటే. ఎవరూ ఆయన కాళ్ల వైపు చూడలేదు, ముఖం చూశారు. ఒక ముసలమ్మ గడప మీదనుంచే అంది: "వరదప్పా, నువ్వొచ్చినావు గాబట్టి వేస్తా. ఆ రంగు ఎవురిదో నాకెందుకు. మా సందుకు నీళ్ల కొళాయి మాత్రం మర్చిపోవద్దు."

ఆంబూరు: బిరియానీ, వంకాయ

తిరుగు దారి కాకపోయినా, ఆంబూరు బిరియానీ తినకుండా వచ్చానంటే మీరు నన్ను క్షమించరని అటు వెళ్లాను. హోటల్లో బల్లకు ఎదురుగా చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే రెహానా అనే అమ్మాయి కూర్చుంది. ఓటు గురించి అడిగితే తినడం ఆపకుండానే చెప్పింది.

"ఇప్పుడు వేసేది ఇంటి ఓటమ్మా. బస్సు, రేషను, నీళ్లు. మూడేండ్లకు వచ్చేది ఫ్యాక్టరీ ఓటు. ఫారిన్ ఆర్డర్ల సంగతి ఢిల్లీలో తేలతాది. రెండూ కలపకూడదు."

"ఎప్పుడూ కలపరా?"

ఆమె ఎముక పక్కన పెట్టింది. "ఆర్డర్లు లేక ఫ్యాక్టరీ మూసి నన్ను ఇంట్లో కూర్చోబెడితే, అప్పుడు అది కూడా ఇంటి ఓటే గదమ్మా."

బిరియానీ బాగుంది. పక్కన పుల్లటి వంకాయ కూర పెడతారు. బోర్డు మీద పేరు బిరియానీది, ముద్ద దిగేది వంకాయతో. వకీలమ్మ గుర్తొచ్చింది. నాకు మాత్రం వంకాయ రెండోసారి అడిగితేగానీ వేయలేదు. పక్క బల్లకు అడగకుండానే వేశారు.

తేలిందేమిటంటే

గుడియాత్తంలో ఎవరు గెలుస్తారో నాకు తెలియదు. ఈ వ్యాసం అచ్చయ్యేసరికి మీకు తెలిసిపోవచ్చు, దానివల్ల నేను రాసింది మారదు. ఎవరు గెలిచారో చూసి ఢిల్లీ సంగతి చెప్పడం కుదరదు. ముసలమ్మ వేసేది కొళాయికీ వరదప్పకూ, నీలానికి కాదు. ఈ విషయంలో మాస్టారిది తప్పు.

కానీ సంబంధమే లేదన్న నా మాట కూడా నిలబడలేదు. అయిదేళ్ల కింద వార్డు కోసం అరుగుమీద కూర్చున్న పార్టీ ఇవాళ ఆ ఇంటి మనిషిని జరగమంది, ఆయన జరిగాడు. మూడేళ్ల తర్వాత రావాల్సిన గాలి కాదది, ఇప్పటికే వచ్చి ఉన్న గాలి. అయితే అది వచ్చింది వేలెడు అంచుతో, కాళ్ల దగ్గర, ఇంకొకరి పంచె పట్టుకొని. ఢిల్లీ సంగతి తెలియాలంటే ఎవరు గెలిచారని అడగకూడదు. ఎవరు ఎవరికోసం జరిగారో, ఏ రంగు నడుము దగ్గరుందో, ఏది కాళ్ల దగ్గరుందో చూడాలి. రక్తం ఒకటే అని ఆ బెంగాలీ తల్లి మొదటి రోజే చెప్పింది. వినడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

వచ్చాక అధ్యక్షులకు ఇదంతా చెప్పాను. ఆయన ఆలోచించి, ఇద్దరిదీ సగం సగం తప్పు కాబట్టి ఇద్దరూ సగం సగం చదవాలన్నారు. మాస్టారి వ్యాసం చివరి ఏడు పేజీలు నేను చదవాలి. నా వ్యాసం మొదటి సగం మాస్టారు చదవాలి. నేను ఒక్క ఆక్షేపణ కూడా లేకుండా ఒప్పుకుంటే అధ్యక్షులు ఆశ్చర్యపోయారు, ఒంట్లో బాగుందా అని అడిగారు.

బాగానే ఉంది. ఇంటికి వచ్చి వ్యాసాన్ని తిరగరాశాను. మొదట మొదలుపెట్టింది బస్సులో మేకపిల్లతో. ఇప్పుడు మొదటి వాక్యంలోనే గోడ గడియారం ఉంది, సీరియల్ ఉంది. నిలబడి, గొంతు సవరించుకొని, పదకొండు మంది ముందూ మాస్టారే ఆ మాట చదవాలి. ఆ రోజు బోండాలు నేనే చేసి తెస్తాను, మిరియాలు దండిగా వేసి.